కొండ గేరుకి కట్టిన ట్యూబు

తణుకు,
12 నవంబరు 2024.

రమేష్ అన్నయ్యకి,

విజయ్ పాల్ రాసేది. వందనాలు, క్షేమసమాచారాలు అమ్మ వేరే కాగితం మీద చెప్పి రాయించింది. అది లోపల పెట్టాను. నేను పనిమాటే రాస్తాను.

ఇప్పుడీ ఉత్తరాలేంటని నవ్వుకోకు. మీ గూడెంలో ఎలాగూ సిగ్నల్ లేదు. ఉన్నా ఈ సంగతి ఫోనులో ఎత్తొద్దని షావుకారుగారు గట్టిగా చెప్పారు. "ఫోనులో మాట్లాడింది ఎక్కడో ఉండిపోతుందిరా. కాగితమైతే పొయ్యిలో పెట్టొచ్చు" అన్నారు. స్పేర్ పార్టులకి రాజమండ్రి వెళ్లినప్పుడల్లా మీ కొండ రూటు బస్సు డ్రైవర్ బుల్లియ్యగారి చేతికి ఉత్తరం ఇస్తాను. నువ్వూ ఆయనకే ఇవ్వు. చదివి తగలబెట్టు.

సంగతేంటంటే, మన షావుకారు కుక్కుటేశ్వరరావుగారు వేటకొస్తారట. కుందేలు కాదు, పంది కాదు, అడవిదున్న. మిల్లు ఆఫీసులో వాళ్ల తాతగారు చచ్చిన పులి మీద కాలు పెట్టి నిలబడిన ఫోటో ఉంది కదా. ఈమధ్య రోజూ దాని కిందే కూర్చుంటున్నారు. "మా తాత పులిని కొట్టాడు. యాభై ఐదేళ్లొచ్చాయి, నేను ఊకా తవుడూ తప్ప ఏం కొట్టానురా?" అంటున్నారు. ఆ తుపాకి కూడా తాతగారిదే. నూనె పెట్టి తుడిచింది నేను.

పట్టుబడితే జైలని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే అడుగుతున్నాను. దున్నలు ఎక్కడికొస్తాయి, ఏ నెలలో వస్తాయి, జీపు ఎంతవరకు ఎక్కుతుంది, ఫారెస్టు వాళ్లు ఎటు తిరుగుతారు, ఇవన్నీ రాయి. మూడేళ్లుగా ఆయన జీడితోటకి కాపలా ఉన్నావు కాబట్టి నీకు తెలియంది లేదని ఆయన నమ్మకం. ప్రతిదానికీ "రమేష్ ఏమంటాడో కనుక్కో" అంటున్నారు.

ఇక జీపు. నువ్వు షావుకారుగారి వర్క్‌షాప్ మానేసి వెళ్లేనాటికి షెడ్డు వెనక కోళ్లు గుడ్లు పెట్టుకున్న తుక్కు గుర్తుందా? అదే. రెండేళ్లు పట్టింది. ఎనిమిదో క్లాసు చదువుతో, చిరిగిపోయిన ఇంగ్లీషు మాన్యువల్లో బొమ్మలు చూసుకుంటూ లేపాను. నీలం రంగు కూడా నేనే వేశాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఆ బండిని చూస్తే నా పేరు చెబుతారు. దాన్ని కొండెక్కించేది నేనే. అది కూడా రాసుకో.

విజయ్ పాల్

*

గొందికోట గూడెం,
24 నవంబరు.

తమ్ముడు విజయ్ పాల్‌కి ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం అందింది. బుల్లియ్యగారు హారన్ కొట్టి మరీ ఇచ్చారు. పిన్ని రాయించిన కాగితం దాచుకున్నాను, నీది తగలబెట్టాను.

షావుకారుగారికి నా మాటగా చెప్పు. ఇప్పుడు రావద్దు. ఆకు దట్టంగా ఉంది, పది అడుగుల అవతల ఏనుగున్నా కనబడదు. ఆకు రాలాక, ఫిబ్రవరి మొదట్లో అయితే మేలు. తోట దాటి రెండు గంటలు నడిస్తే ఒక వాగు, వాగు పైన ఎర్రమట్టి గట్టు ఉన్నాయి. ఆ మట్టిలో ఉప్పుంటుంది. దున్నలు తెల్లవారుతుండగా వచ్చి నాకుతాయి. మా గూడెం పెద్దాయన నన్ను రెండుసార్లు తీసుకెళ్లి చూపించాడు. బయటివాళ్లకి చూపించడు. నాకు చూపించాడు.

జీపు తోట దాకా వస్తుంది. తెల్లచొక్కాలొద్దు, సెంటు వద్దు, సిగరెట్టు వద్దు. మాటలు అసలే వద్దు. నువ్వు నోరు మూసుకుని ఎంతసేపు ఉండగలవు? చిన్నప్పుడు ప్రార్థనలో కూడా గుసగుసలే కదా నీవి. అడవి నీ వర్క్‌షాప్ లాంటిది కాదురా. ఇక్కడ సుత్తి పెట్టి కొడితే ఏదీ దారికి రాదు.

ఫారెస్టు వాళ్ల సంగతి కాగితం మీద రాయను. వచ్చాక నోటితో చెబుతాను.

జీపు బాగు చేశావని విన్నాను. సంతోషం.

మీ అన్న,
రమేష్ బాబు

*

తణుకు,
8 డిసెంబరు.

అన్నయ్యకి,

నీ ఉత్తరం షావుకారుగారికి చదివి వినిపించాను. "సెంటు వద్దు" అన్నచోట తొడ చరుచుకున్నారు. "చూశావా, అదీ తెలివంటే!" అన్నారు. రెండేళ్ల తుక్కు స్టార్టయి గేటు దాటిన రోజున ఆయన నాతో అన్నది "సైలెన్సర్ చప్పుడెక్కువుంది" అని. అంతే.

ఇంట్లోనూ ఇదే భాగోతం. అమ్మకి నువ్వు రాసిన నాలుగు ముక్కలు నాచేత రెండుసార్లు చదివించుకుంది. చదివాక బైబిల్లో పెట్టింది. నేను ఇరవై ఐదేళ్లుగా ఆవిడ ముందే ఉన్నాను, నన్ను ఎందులోనూ పెట్టలేదు. మీ అమ్మ పోయాక నిన్ను మా ఇంటికి తెచ్చి పెంచింది, కాదనను. కానీ చేపకూర వండిన రోజున తలకాయ ముక్క ఇప్పటికీ తీసి పక్కన పెడుతుంది. ఎవరికి అంటే "అలవాటు నాయనా" అంటుంది. అలవాటు కొండ మీద ఉంటే కూర ఇక్కడెందుకు?

క్రిస్మస్ దగ్గరికొచ్చింది కాబట్టి ఇది కూడా రాస్తాను. గుడిలో నాటకం వేస్తే నువ్వెప్పుడూ యోసేపువి. నేను నీ వెనక గొంగళి కప్పుకున్న గొర్రెల కాపరిని. ఒక ఏడాది నక్షత్రం వెలగకపోతే, పాకి వెళ్లి వైరు కలిపింది నేను. వెలగ్గానే జనం చప్పట్లు కొట్టారు. నువ్వు వంగి దణ్ణం పెట్టావు. నీకింకా గుర్తుందో లేదో, నాకుంది.

నోరు మూసుకోలేనన్నావు. సరే. నేనూ ఒకటి చెబుతాను, విను. ఈ బండిలో ఒక కిటుకుంది. కొండ దిగేటప్పుడు అది తెలియనివాడు స్టీరింగ్ పట్టుకోకూడదు. అది నాకొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. అందుకని నీ అడవి నీదే కావచ్చు, అక్కడికి వచ్చే బండి మాత్రం నాది.

విజయ్ పాల్

*

గొందికోట గూడెం,
2 జనవరి 2025.

తమ్ముడికి,

కొత్త సంవత్సరం వందనాలు. ఇక్కడ క్రిస్మస్ మూడు కుటుంబాలతో జరిగింది. పాస్టరుగారు రాలేదు, నేనే వాక్యం చదివాను. తర్వాత అందరూ వెదురు బొంగులో వండిన కోడి తిన్నాం. నక్షత్రం కట్టలేదు, కట్టినా వెలిగించడానికి కరెంటు లేదు. నువ్వు రాసినదంతా చదివాను. గుర్తుంది.

ఇక పని. ఫిబ్రవరి ఆరు, గురువారం బయలుదేరి రండి. శుక్రవారం తెల్లవారుజామున గట్టుకి వెళ్లి చూసొస్తాం. శనివారం తెల్లవారుజామున తుపాకితో కూర్చుంటాం. శనివారం మధ్యాహ్నం భోంచేసి దిగిపోవచ్చు. ఫోన్లన్నీ తణుకులోనే వదిలి రావాలి. ఇది షావుకారుగారి మాటే, నాకు కబురు పంపారు. ఒక్కటి కూడా జేబులో ఉండకూడదు.

ఎంత తక్కువమంది ఉంటే అంత మంచిది. ఒక తుపాకి, దారి తెలిసినవాడొకడు, బండి నడిపేవాడొకడు. అంతకు మించి వద్దు.

రమేష్ బాబు

*

తణుకు,
26 జనవరి.

రమేష్ బాబుకి,

అన్నయ్య అని రాయబుద్ధి కాలేదు, రాయలేదు.

నిన్న షావుకారుగారు పిలిచి, తాళాలు గణేష్‌బాబుకి ఇమ్మన్నారు. మిల్లు లారీ తోలే గణేష్‌బాబు. క్లచ్ మీద కాలు తీయకుండా పాలకొల్లు దాకా వెళ్లగలిగే మొనగాడు. వాడు నీకు ఎరువు బస్తాలు దింపడానికి కొండకొచ్చి వెళ్లిన వారానికే ఇది జరిగింది.

"మరి నేనండి?" అన్నాను.

"నువ్వెందుకురా? పైన రమేష్ ఉన్నాడు కదా" అన్నారు.

"బండి నాదండి."

"బండి నీదేంట్రా, పేపర్లు నా పేరు మీదుంటే!"

అందరూ నవ్వారు. గణేష్‌బాబు తాళాలు వేలికి తగిలించుకుని తిప్పుతూ, "ఏరా విజయ్, దున్న తోక తెస్తాలే నీకు. ఈగలు తోలుకుందువుగాని" అన్నాడు. స్పానర్ నా చేతిలోనే ఉంది. వాడి అదృష్టం, కింద పెట్టాను.

ఇది ఎవరి పనో నాకు తెలుసు. షావుకారుగారికి సొంతంగా ఆలోచన పుట్టదు, ఎవరైనా పుట్టించాలి. నన్ను వద్దన్నది నువ్వు. అవునా, కాదా? ఒక్క ముక్కలో రాయి. వాక్యం చదివేవాడివి కదా, అబద్ధం రాయలేవు.

ఎనిమిది నెలల వయసు నుంచి నీ పాత చొక్కాలే వేసుకున్నాను. వర్క్‌షాప్‌లో నీ పాత స్టూలే నాకిచ్చారు. నీ తర్వాత నాకు కొత్తగా దక్కింది ఈ జీపొక్కటే. దాన్ని కూడా పైనుంచే చెయ్యి చాపి లాక్కున్నావు.

విజయ్ పాల్

*

గొందికోట గూడెం,
2 ఫిబ్రవరి.

విజయ్‌కి,

షావుకారుగారి బండి, షావుకారుగారి ఇష్టం. నాకేం తెలియదు.

మంచు బాగా పడుతోంది. దిగే రోజుకి రోడ్డు ఆరితే బాగుండును. పిన్నిని అడిగానని చెప్పు. ఆవిడకి విడిగా రాస్తాను.

రమేష్ బాబు

*

రాజమండ్రి బస్టాండ్,
8 ఫిబ్రవరి, శనివారం, పొద్దున్న.

అన్నయ్యా,

ఈ కాగితంతో పాటు కవర్లో సైకిల్ ట్యూబు ముక్క ఉంటుంది. ముందు అది చేతిలోకి తీసుకో, తర్వాత చదువు.

జీపులో రెండో లివరు ఉంది కదా, కొండ గేరుది. దాని లోపల పళ్లు అరిగిపోయాయి. ఎక్కేటప్పుడు ఏమీ కాదు. దిగేటప్పుడు మాత్రం దానంతటదే ఎగిరి మధ్యలోకొచ్చేస్తుంది. అది వదిలిందంటే ఇంజను పట్టు పోతుంది, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నాలుగైదు మలుపుల్లో బ్రేకులు కాలిపోతాయి. ఆ తర్వాత పెడలు తొక్కినా నేలకి అంటుకోవడమే, బండి ఆగదు. కొత్త గేరు ఎక్కడా దొరకలేదు. అందుకని ఈ ట్యూబుతో లివరుని డ్రైవర్ సీటు కింద బోల్టుకి బిగించి కడతాను. రెండు చుట్లు ముందుకి, మూడోది వెనక్కి, అప్పుడు ముడి. అదే నా కిటుకు.

తాళాలు ఇచ్చిన సాయంత్రం ఈ ముక్క విప్పి జేబులో పెట్టుకున్నాను.

నిన్ను చంపుదామని కాదు, దేవుడి తోడు. నాకు తోచిందేంటంటే, తిరుగుప్రయాణంలో మొదటి మలుపులోనే గేరు ఎగురుతుంది, గణేష్‌బాబుకి చెమటలు పడతాయి, బండి పక్కకి పెట్టి "విజయ్ పాల్ లేకపోతే కదలదు" అంటారు, ఎవరినో పంపి నన్ను పిలిపిస్తారు. నేను వచ్చి జేబులోంచి తీస్తాను, అందరూ చూస్తారు. అంతవరకే ఊహించాను. ఆగకుండా తోలేస్తే ఏమవుతుందన్నది నా ఊహలోకి రాలేదు. రానివ్వలేదేమో.

నిన్న సాయంత్రం అమ్మకి నీ ఉత్తరం వచ్చింది. చదివి వినిపించాను. "పిన్నీ, శనివారం జీపులోనే దిగి వస్తాను, ఆదివారం నీ పక్కన గుడిలో కూర్చుంటాను" అని రాశావు. అమ్మ రెండోసారి చదవమంది. కాగితం మడిచేశాను. కంట్లో దుమ్ము పడిందన్నాను. ఆవిడ వెంటనే గోంగూర ఒలవడానికి కూర్చుంది.

గణేష్‌బాబు ఒక్కడే అయితే ఇలా పరిగెత్తేవాణ్ణా? తెలియదు. నువ్వు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

వాళ్లిద్దరి ఫోన్లూ షావుకారుగారి బీరువాలో ఉన్నాయి, నీకు సిగ్నల్ లేదు. మీ గూడేనికి వెళ్లేది ఈ బస్సొక్కటే. ఎక్కాను కూడా, కిటికీ పక్కన కూర్చున్నాను. కానీ నీ ముందు నిలబడి, గణేష్‌బాబు చూస్తుండగా, జేబులోంచి ఇది తీయాలంటే... దిగిపోయాను. పిరికివాడినని అనుకో. బుల్లియ్యగారి చేతిలో పెట్టి, "దారిలో ఎక్కడ నీలం జీపు కనబడినా అడ్డం పెట్టి ఆపండి బాబాయ్, కారణం అడక్కండి" అని చెప్పాను. పదింటికల్లా గూడెంలో ఉంటానన్నారు. మీరు మధ్యాహ్నం కదా దిగేది. అందుతుంది. అందాలి.

రెండు చుట్లు ముందుకి. మూడోది వెనక్కి.

విజయ్

*

గొందికోట గూడెం,
10 ఫిబ్రవరి.

విజయ్‌కి,

బతికే ఉన్నాం. ఆదివారం నేను ఎందుకు రాలేదో పిన్నికి నువ్వు ఏం చెప్పావో నాకు తెలియదు. జరిగింది మాత్రం ఇది.

శనివారం చీకటి విడవకముందే ఎర్రమట్టి గట్టుకి వెళ్లి కూర్చున్నాం. మంచులోంచి ఒక దున్న వచ్చింది. ఒంటరిది. తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లు, పైన కారు నలుపు. మీ వర్క్‌షాప్ తలుపంత ఉంది. నలభై అడుగుల దూరంలో నిలబడి మన్ను నాకుతూ ఒక్కసారి తలెత్తి చూసింది. నేను షావుకారుగారి వైపు తిరిగాను. తుపాకి ఒళ్లో ఉంది. మోకాళ్లు రెండూ ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. "వెళ్లిపోదాంరా" అన్నారు, చిన్నపిల్లాడిలా. దున్న నాకడం అయ్యాక దాని దారిన అది వెళ్లింది. ఆయన్ని రెక్క పట్టుకుని లేపాను.

ఇక కొండ మీద ఒక్క గంట కూడా ఉండనన్నారు. భోజనం లేదు, ఏమీ లేదు. తొమ్మిదిన్నరకే బయలుదేరాం. అర్థమైందా? నీ లెక్క ప్రకారం నీ ఉత్తరం నాకు అందకూడదు.

రెండో మలుపులో లివరు ఎగిరింది. గణేష్‌బాబు కొట్టి వేశాడు. మళ్లీ ఎగిరింది. "ఏంటన్నా ఇది, ఏంటన్నా ఇది" అంటూ బ్రేకు మీద నిలబడ్డాడు. కాలిన వాసనొచ్చింది. నేను వంగి రెండు చేతులతో లివరు పట్టుకున్నాను. నా బలం చాలలేదు. ఇంకో మలుపు, ఇంకో మలుపు. షావుకారుగారు కళ్లు మూసుకుని వాళ్ల దేవుళ్లందరినీ పిలుస్తున్నారు. నాకు ప్రార్థన గుర్తురాలేదు. పిన్ని ఒలిచే గోంగూర గుర్తొచ్చింది, ఎందుకో. అప్పుడు కింద నుంచి బుల్లియ్యగారి బస్సు వచ్చింది. నీలం బండిని చూసి రోడ్డుకి అడ్డంగా పెట్టేశారు. గణేష్‌బాబు స్టీరింగ్ కోసి కొండ వైపు మట్టిగట్టుకి ఆనించాడు. ముందు చక్రం కాలవలో పడి ఆగింది. ఎవరికీ ఏం కాలేదు.

నీ ఉత్తరం రోడ్డు మీద నిలబడి చదివాను. రెండుసార్లు. బస్సులోవాళ్లంతా దిగి జీపుని పైకి నెట్టారు, బ్రేకులు చల్లారేదాకా కూర్చున్నాం. అప్పుడు ట్యూబు కట్టాను. షావుకారుగారు వంగి చూసి, "ఏంట్రా అది?" అన్నారు.

"సైకిల్ ట్యూబండి."

"నీకెలా తోచిందిరా! నువ్వు లేకపోతే ఇవాళ మా ఇంట్లో ఏడుపులే" అని నన్ను వాటేసుకున్నారు.

విజయ్ పంపాడండి అని అనాలి. నోటిదాకా వచ్చింది. అనలేదు. చప్పట్లు నావి, నక్షత్రం నీది. మళ్లీ అదే.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు. అవును. నిన్ను వద్దన్నది నేనే. ఎరువు దింపడానికొచ్చిన గణేష్‌బాబుతో చెప్పి పంపాను, "వాడి నోరు ఆగదు, అడవి చెడగొడతాడు" అని. అది అబద్ధపు కారణం. అసలుది రాస్తాను.

నేను వర్క్‌షాప్ ఎందుకు మానేశానో నీకు తెలుసా? దువ్వ ఊరి రైతుది పంపుసెట్టు వచ్చింది చూడు. నాలుగు రోజులు విప్పాను, ఎక్కించాను, విప్పాను. పనిలో నా తర్వాత చేరినవాడివి నువ్వు. వచ్చి చెవి ఆనించి విన్నావు, ఒక నట్టు తిప్పావు, వెళ్లి టీ తాగావు. అది నడిచింది. విప్పి పరిచిన సామాను మధ్య నేను కూర్చుండిపోయాను. నువ్వు నావైపు చూడను కూడా లేదు. చూసి నవ్వి ఉంటే కొట్టేవాణ్ణి, తీరిపోయేది. ఆ నెలలోనే జీడితోట కాపలా అడిగి కొండెక్కాను. ఇనుము నీ మాట వింటుంది. నా మాట ఎప్పుడూ వినలేదు.

ఇక్కడ మూడేళ్లకి, నాకొకటి తెలుసు అన్న పేరొచ్చింది. అడుగుజాడ చూసి ఎన్నాళ్లదో చెబుతాను. పెద్దాయన నన్ను వెంట తీసుకెళతాడు. నువ్వొస్తే రెండు రోజుల్లో వాళ్ల పాడైన మోటారు లేపేస్తావు, రేడియో పలికిస్తావు. గూడెమంతా నీ చుట్టూ చేరుతుంది. నువ్వు వస్తే నా అడవి కూడా నీదైపోతుందిరా. అదీ కారణం.

అందుకే జీపులో ముందుకు రాలేకపోయాను. ట్యూబు కట్టి గణేష్‌బాబుకి అప్పగించి, అదే బస్సెక్కి వెనక్కొచ్చేశాను. నువ్వు బస్సు దిగిపోయావు, నేను జీపు దిగిపోయాను. పిరికితనంలో మాత్రం ఇద్దరం సమానం.

నీ ఉత్తరం తగలబెట్టలేదు.

రమేష్

*

తణుకు,
17 ఫిబ్రవరి.

అన్నయ్యకి,

ఆదివారం అమ్మ గుడి మెట్ల మీద ఆఖరి మనిషి వెళ్లేదాకా నిలబడింది. నీకు జ్వరమని చెప్పాను. గోంగూరా మాంసం నీ వంతు కూడా నేనే తిన్నాను. తలకాయ ముక్కల రోజులన్నిటికీ కలిపి తిన్నాననుకో. అరగలేదు.

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ట్యూబు నేను విప్పానన్న సంగతి ఆవిడకి తెలియదు, అందుకని మధ్యలో చాలాచోట్ల దాటేశాను. పంపుసెట్టు దగ్గర మాత్రం దాటలేదు. "నువ్వు వాణ్ణి చూడను కూడా లేదా?" అంది. టీ చల్లారిపోతుందని తొందరలో వెళ్లానమ్మా అన్నాను. నిజం అంతే. నీవైపు చూడకపోవడం పొగరని నువ్వు ఏళ్ల తరబడి మోశావు. నాకు ఆ పంపుసెట్టే గుర్తులేదు.

షావుకారుగారు పులి ఫోటో కిందే కూర్చుని కొత్త కథ చెబుతున్నారు. దున్న ఎదురుగా నిలబడిందట, దాని కళ్లలో ఏదో చూసి జాలిపడి వదిలేశారట. నువ్వు రాసిన మోకాళ్ల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నోరు ఆగదన్నావు కదా, ఆగింది, రాసుకో.

జీపు నా దగ్గరికే వచ్చింది. బ్రేకులు విప్పితే లోపల బొగ్గు. ఇంకో మూడు మలుపులంతే. అది చూశాక ఆ రోజంతా నాచేత పని కాలేదు. నీ కట్టు కూడా చూశాను. రెండు చుట్లు సరే. మూడోది కూడా ముందుకే వేశావు. వెనక్కి అని రెండుసార్లు రాసినా ముందుకే వేశావు! అది కొండ దిగేదాకా ఎలా ఆగిందో ఇనుము తెలిసినవాడిగా నేను చెప్పలేను.

విప్పి నా పద్ధతిలో మళ్లీ కట్టాను. వచ్చినవాళ్లందరికీ షావుకారుగారు సీటు ఎత్తి ఆ ముడి చూపించి, "మా రమేష్ కట్టిందిరా, ప్రాణం నిలబెట్టింది" అంటున్నారు. గణేష్‌బాబు తలూపుతున్నాడు. వాళ్లు చూసేది నా ముడి. నేను పక్కనే నిలబడి స్పానర్ తుడుచుకుంటున్నాను. నువ్వక్కడ ఊరుకున్నావు, నేనిక్కడ ఊరుకున్నాను. నేనెందుకు ఊరుకోవాలో కారణం ఉంది, అది జేబులో పెట్టుకుని తిరిగింది నేనే కాబట్టి. కానీ మండుతోంది. రోజూ మండుతోంది. అది కూడా దాచను.

మేలో వర్క్‌షాప్‌కి పది రోజులు సెలవు. బస్సులో వస్తాను, ఈసారి దిగిపోను. తుపాకి లేదు, షావుకారు లేడు. నాకా అడుగుజాడలు చూపించు. గూడెంలో ఆగిపోయిన మోటారు ఏ కంపెనీదో, ఎన్నాళ్లుగా ఆగిందో కనుక్కుని రాయి. సామాను తెస్తాను.

నీ అడవి నీకే మిగులుతుందో లేదో చూద్దాం.

తమ్ముడు,
విజయ్ పాల్